గోధుమ పడని ఇంట్లో మార్ష్‌మాలో మరమరాలు

"బియ్యంతో చేసిందే కదమ్మా, పర్లేదు, తీసుకోండి." వైజాగ్‌లో ఏ పెద్ద సూపర్ మార్కెట్‌లోనైనా ఫారిన్ సరుకులు పెట్టే అర దగ్గర నిలబడి అట్టపెట్టెలు తిప్పి చూస్తుంటే, పక్కన నిలబడ్డ అబ్బాయి ఈ మాట అనడం ఖాయం. అతన్నేం అనలేం. డబ్బా ముందు పెద్ద అక్షరాలతో రైస్ అనే రాసి ఉంటుంది, లోపల ఉన్నవీ పేలిన బియ్యపు గింజలే. కానీ వెనక్కి తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, చీమల బారులా ఉండే ఆ చిన్నక్షరాలు చదివితే చక్కెర, ఉప్పు తరవాత మాల్ట్ ఫ్లేవర్ అనో బార్లీ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అనో కనబడుతుంది. కెలాగ్స్ వాళ్ళ రైస్ క్రిస్పీస్‌లో ఉండేది అదే, చాలామంది పిల్లలు పొద్దున్నే పాలల్లో వేసుకునే కార్న్ ఫ్లేక్స్‌లో ఉండేదీ అదే. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. బార్లీలో గోధుమలో ఉన్నట్టే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అంటే పేరులో బియ్యమో మొక్కజొన్నో ఉన్నా మా ఇంట్లోకి మాత్రం రాకూడని సరుకన్నమాట.

మా పెద్దమ్మాయికి సీలియాక్. ఆరో క్లాసు చదువుతోంది. గోధుమ, బార్లీ, రై, ఈ మూడు ధాన్యాల్లో ఉండే ఆ గ్లూటెన్ ప్రోటీన్లు కడుపులోకి వెళ్తే ఒళ్ళు తన చిన్నపేగు లోపలి పొర మీద తానే యుద్ధానికి దిగుతుంది. తిన్న తిండిని పీల్చుకునే సన్నటి నూగులాంటి పొర అక్కడ ఉంటుంది, అది అరిగి చదునైపోతుంది, దాంతో పిల్ల ఎంత తిన్నా ఒంటికి పట్టదు, రక్తం తక్కువ, ఎదుగుదల తక్కువ. దీనికి మందు లేదు, ఆ ధాన్యాలు జీవితాంతం మానడమే మందు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఫోన్లు చేసి అడిగేవాళ్ళలో చాలామంది ఇక్కడే తొందరపడుతున్నారు: అనుమానం రాగానే ఇంట్లో గోధుమ మానిపించేసి ఆ తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళకండి. టీటీజీ అని ఒక రక్త పరీక్ష ఉంది, తర్వాత ఎండోస్కోపీ చేసి పేగు ముక్క తీసి చూస్తారు, ఈ రెండూ సరిగ్గా తేలాలంటే పరీక్ష నాటికి పిల్ల గోధుమ తింటూ ఉండాలి. ముందే మానేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. ముందు పరీక్ష, తర్వాతే పథ్యం.

మనది అన్నం తినే ఊరు కాబట్టి ఏముంది, చపాతీ మానేస్తే సరిపోతుంది అనుకుంటారు. మొదట్లో మా చుట్టాలందరూ అదే అన్నారు. ఇంగువ డబ్బా తిప్పి చూడండి. మనం కొనే ఇంగువ చాలావరకు కలిపిన ఇంగువే, అసలు ఇంగువ పిసరంత, మిగతాది పిండి, ఆ పిండి చాలా కంపెనీల్లో గోధుమదే. అంటే పులిహోర, పప్పుచారు, ఆవకాయ, అన్నింటి మీదా ఒక కన్ను వేసి ఉంచాల్సిందే. నూడుల్స్‌లో పోసే సోయా సాస్‌లో గోధుమ. పాలల్లో కలిపే మాల్ట్ పొడుల్లో బార్లీ, గోధుమ. ఇక మన పక్కనే ఉన్న మాడుగుల హల్వా, ఆ నెయ్యి, ఆ జీడిపప్పు, ఆ మెరుపు, దాని ప్రాణమే గోధుమ పాలు. అది మానుకోమని పిల్లకి చెప్పడం ఇంట్లో అందరికంటే వాళ్ళ తాతయ్యకే ఎక్కువ కష్టమైంది, ఆయన అటు వెళ్ళినప్పుడల్లా అట్టపెట్టె లేకుండా వచ్చేవారు కాదు మరి. ఒక మిఠాయి కొట్లో అయితే, ఇందులో మైదా ఉందా బాబూ అని అడిగితే, "మైదా ఎందుకుంటదమ్మా, మొత్తం రవ్వే" అని భరోసా ఇచ్చాడు. బొంబాయి రవ్వ! అదీ గోధుమే మరి.

సరే, తీపి సంగతికి వద్దాం.

గ్లూటెన్ లేని బ్రెడ్డు, గ్లూటెన్ లేని కేకు, గ్లూటెన్ లేని బిస్కెట్టు అని అమ్ముతారు, ఇంట్లో చేసుకోవడానికి వంటకాలూ బోలెడు ఉన్నాయి. అన్నీ కాకపోయినా చాలానే చేశాను. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను: గోధుమ చేసే పని ఇంకో పిండితో చేయించాలని చూసే వంటల్లో చాలావరకు తినేటప్పుడు అసలుది గుర్తు చేసి ఏడిపిస్తాయి. బ్రెడ్డుకి సాగే గుణం గ్లూటెన్ వల్లే వస్తుంది, అది తీసేసి జిగురు పొడులు కలిపితే ముక్క నిలబడుతుంది, రుచి నిలబడదు. పిల్లలు అబద్ధం చెప్పరు, ఒక ముక్క కొరికి పక్కన పెట్టేస్తారు. మార్ష్‌మాలో అనే మెత్తటి దూదిలాంటి మిఠాయిని కరిగించి పేలిన బియ్యంలో కలిపి ముక్కలు కోసే ఈ తీపి అలాంటిది కాదు. దీంట్లో గోధుమ లేకపోవడం అనే లోటే లేదు, ఎందుకంటే గోధుమకి ఇందులో మొదట్నుంచీ పనే లేదు. మాల్ట్ అనే ఆ ఒక్క చుక్కని తప్పిస్తే చాలు, మా పిల్ల తినేదీ పక్కింటి పిల్ల తినేదీ ఒకటే. పుట్టినరోజు నాడు క్లాసు మొత్తానికి ఒకే డబ్బాలోంచి పంచొచ్చు. నాకు ఈ తీపి మీద ఇంత ప్రేమ అందుకే.

దీనికో కథ కూడా ఉంది. 1939లో అమెరికాలో, మిచిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ అనే ఊళ్ళో, కెలాగ్స్ కంపెనీ వంటశాలలో పనిచేసే మిల్డ్రెడ్ డే, మలిట్టా జెన్సెన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు దీన్ని తయారుచేశారు. క్యాంప్ ఫైర్ గర్ల్స్ అని ఆడపిల్లల సంఘం ఒకటి ఉండేది, వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి అమ్మి చందా పోగు చేసుకోవడానికి చవగ్గా, తేలిగ్గా అయ్యే తీపి కావాల్సి వచ్చింది. అంతకుముందు కూడా అక్కడ బెల్లపు మడ్డి లాంటి మొలాసిస్ పాకంతో పేలిన గింజల్ని కలిపి ముక్కలు చేసుకునేవారు, పాకం బదులు మార్ష్‌మాలో పెట్టడం వీళ్ళ తెలివి. నాకు ఆశ్చర్యం అనిపించే సంగతి ఇంకోటి. అప్పటికి సీలియాక్‌కి గోధుమే కారణమని రూఢిగా ఎవరికీ తెలీదు. అమెరికాలో ఆ జబ్బున్న పిల్లలకి అరటిపళ్ళ పథ్యం పెట్టేవారు, పిల్లలు కోలుకునేవారు, అరటిపండే మందనుకున్నారు, గోధుమ మానడం వల్ల అని కాదు. నెదర్లాండ్స్‌కి చెందిన విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టరు గోధుమ సంగతి తన థీసిస్‌లో రాసింది 1950లో.

ఇక మన వైపు. రైస్ క్రిస్పీస్ అవసరం మనకేం లేదు. మరమరాలున్నాయి. దిగుమతి డబ్బా ఖరీదులో బస్తాలో సగం వస్తాయి, అందులో మాల్టూ ఉండదు, చక్కెరా ఉండదు. ఉప్పుడు బియ్యాన్ని ఉప్పునీళ్ళు పట్టించి, వేడి ఇసకలో వేయిస్తే క్షణంలో పొంగుతాయి, అంతే వాటి తయారీ. కాబట్టి సరుకుగా చూస్తే గ్లూటెన్ లేనిదే. సమస్యంతా సరుకు మన చేతికి వచ్చే దారిలో ఉంది. పూర్ణా మార్కెట్‌లో విడిగా అమ్మే కొట్టు ముందు ఒక్క ఐదు నిమిషాలు నిలబడి చూడండి. మరమరాల బస్తా, పక్కన అటుకులు, పక్కన గోధుమ రవ్వ, పక్కన మైదా. ఒకటే డబ్బాతో అన్నీ ముంచుతారు. మైదా ముంచిన డబ్బా అంచుకి తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది, అదే చేత్తో మరమరాల్లో ముంచగానే ఆ పొడి మాయమైపోతుంది. మాయమై ఎక్కడికి పోయినట్టు? ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్క ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలో తిండిలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకి మించకూడదు. ఇరవై మిల్లీగ్రాములంటే చిటికెలో చిటికె. కాబట్టి నేను విడి మరమరాలు కొనను. సీల్ వేసిన ప్యాకెట్టే కొంటాను, ప్యాకెట్ మీద అలర్జీ వివరాల దగ్గర గోధుమ మాట ఉందేమో చూస్తాను, ఉంటే వదిలేస్తాను. కొట్టువాడు బాగా తెలిసినవాడైతే విప్పని బస్తా నుంచి మీ ముందే కొత్త కవర్లోకి పోయించుకోవచ్చు, మా అత్తయ్య గారు అలా చేయించుకొస్తారు, ఆవిడ మాటకి ఎదురు చెప్పే కొట్టువాడు ఇంకా పుట్టలేదు.

బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ అమ్మే బండి దగ్గర ఉన్నవీ మరమరాలే అయినా మా పిల్లకి అక్కడ కొనివ్వను. బండి మీద కారప్పూస, బూందీ, పూరీ ముక్కలు అన్నీ ఉంటాయి, కలిపే గిన్నె ఒకటే, చెయ్యి ఒకటే. ఆ బండి మురీ అంటే నాకు ప్రాణం, అది వేరే విషయం.

ఇంటి లోపల కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. అన్నిటికంటే మోసకారి జల్లెడ. మరమరాల్లో ఇసక రేణువులు, నలిగిన పొడి ఉంటాయి కాబట్టి జల్లించాలి, మన చెయ్యి అలవాటుగా పిండి జల్లెడ మీదకే పోతుంది. ఆ జల్లెడని వెలుతురుకి పెట్టి చూడండి, కడిగి ఆరబెట్టినా తీగలు కలిసే మూలల్లో పాత గోధుమపిండి సిమెంటులా పట్టి ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు తోమినా నేను నమ్మను. ఎర్ర రిబ్బను కట్టిన జల్లెడ ఒకటి విడిగా ఉంది మా ఇంట్లో. చెక్క గరిటెలు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, చపాతీ పీట, వీటిదీ అదే కథ. స్టీలు గిన్నె, స్టీలు గరిటె అయితే సబ్బుతో శుభ్రంగా తోమితే సరిపోతుంది. చపాతీలు చేసిన పూట గాల్లో పిండి ఎగురుతుంటుంది, ఆ పూట ఈ వంట పెట్టుకోవద్దు, రేపు చేసుకోండి.

మార్ష్‌మాలోలు ఇప్పుడు వైజాగ్‌లో బాగానే దొరుకుతున్నాయి, కేకు సామాన్లు అమ్మే కొట్లలోనూ సూపర్ మార్కెట్లలోనూ. అందులో ఉండేది చక్కెర, గ్లూకోజ్ సిరప్, నీళ్ళు, జెలటిన్, కాస్త సువాసన, మీద చల్లిన కార్న్‌ఫ్లోర్. గ్లూటెన్ మామూలుగా ఉండదు, అయినా చదవండి. ఇంకో గొడవ జెలటిన్‌తో. అది పశువుల తోలు, ఎముకల నుంచి తీసేది. మాది చేపా మాంసమూ తినే ఇల్లే, కానీ మా అత్తయ్య గారికి శనివారం, సోమవారం, కార్తీకమాసం అన్నీ ఉన్నాయి. ప్యాకెట్ మీద మాంసాహార గుర్తు చూసి, "ఏటే ఇది, మిఠాయిలో ఎముకలేటి?" అన్నారు. అప్పట్నుంచి ఆ ప్యాకెట్ విడి డబ్బాలో. పచ్చ గుర్తున్నవి కూడా వస్తున్నాయి, వాటిలో జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు ఉంటుంది. తినడానికి బాగుంటాయి గానీ ఈ వంటకి అన్నీ పనికిరావు. జెలటిన్ మన ఒంటి వేడికి దగ్గర్లోనే కరుగుతుంది, అందుకే నోట్లో పెట్టగానే జారిపోతుంది. చైనా గ్రాస్ లాంటి నాచు జిగురు అలా కాదు, అది మళ్ళీ కరగాలంటే దాదాపు నీళ్ళు మరిగే వేడి దాకా పోవాలి, ఈలోగా అడుగున చక్కెర మాడొచ్చు. పచ్చ గుర్తు ప్యాకెట్ కొంటే ముందు నాలుగు మార్ష్‌మాలోలు వెన్నలో వేసి కరుగుతున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే మిగతావి వెయ్యండి.

కొలతలు. ఎనిమిది అంగుళాల చదరపు పళ్ళేనికి ఉప్పు లేని వెన్న 60 గ్రాములు, మార్ష్‌మాలోలు 250 గ్రాములు, మరమరాలు 100 నుంచి 120 గ్రాముల మధ్యన. అమెరికా పద్ధతిలో ఆరు కప్పులు అని రాస్తారు, కానీ వాళ్ళ గింజ చిన్నది, బరువు. మన మరమరం పొడుగు, తేలిక, కప్పు నిండా గాలే, అందుకే తూకం వేసుకోమంటాను. మన మరమరాల్లో ఎలాగూ ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు వెన్న వాడితే తీపి కాస్తా మిక్చర్ అయిపోతుంది.

ముందు మరమరాల్ని వేయించాలి. ఇది వదిలేశారంటే మిగతాదంతా దండగ. సముద్రం పక్కన ఊళ్ళో మరమరం ప్యాకెట్ విప్పిన గంటకే మెత్తబడుతుంది, జూన్ దాటాక అయితే చెప్పనే అక్కర్లేదు. మందపాటి మూకుడులో సన్నసెగ మీద, నూనె లేకుండా, కలుపుతూ ఉండండి. మొదట గరిటె తిప్పితే చప్పుడే రాదు, కాసేపటికి పొడిగా గలగలమనడం మొదలవుతుంది. ఒకటి తీసి బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపితే సాగకుండా టప్‌మని పొడి అయిపోవాలి. రంగు మారక్కర్లేదు. అప్పుడు దించి వెడల్పాటి పళ్ళెంలో పరచండి, మూత పెట్టకండి, ఆవిరి పట్టి మళ్ళీ మొదటికొస్తాయి.

అదే మూకుడు తుడిచి వెన్న వెయ్యండి. కరిగాక నురుగు వస్తుంది, చిటపటలాడుతుంది, నెమ్మదిగా చప్పుడు తగ్గి అడుగున తెల్లటి పలుకులు తేనెరంగుకి తిరుగుతాయి. నెయ్యి కాచేటప్పుడు వచ్చే ఆ వాసన రాగానే సెగ పూర్తిగా తగ్గించండి, వడకట్టొద్దు, రుచంతా ఆ పలుకుల్లోనే. వెన్నని ఇలా ఎర్రగా కాచకుండా ఉత్తినే కరిగించి చేసినా తీపి కుదురుతుంది, కానీ అది పిల్లలు మాత్రమే మెచ్చే తీపి. ఎర్రగా కాస్తే పెద్దవాళ్ళు కూడా రెండో ముక్కకి చెయ్యి చాస్తారు.

ఇప్పుడు మార్ష్‌మాలోలు వేసి కలపండి. ఇక్కడ ఓపిక కావాలి, సెగ పెంచాలని చెయ్యి దురదపెడుతుంది. పెంచితే దాంట్లో ఉన్న కొద్దిపాటి నీరు ఆవిరైపోయి చక్కెర ముదురు పాకంలోకి వెళ్తుంది, చల్లారాక ముక్క కొరికితే పన్ను లాగుతుంది. ముక్కాలు భాగం కరిగి, ఇంకా అక్కడక్కడా తెల్లటి గడ్డలు తేలుతున్నప్పుడే పొయ్యి ఆపెయ్యండి, మిగతావి ఆ వేడికే కరుగుతాయి. కావాలంటే గుప్పెడు చిన్న మార్ష్‌మాలోలు పక్కన ఉంచి ఆఖర్న కలపండి, ముక్కలో మధ్య మధ్య మెత్తగా తగులుతాయి. వెనిలా ఎసెన్స్ రెండు చుక్కలు. వెంటనే మరమరాలు పోసి, అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపండి, నలపొద్దు. గరిటెకి ముందే నెయ్యి రాసుకోండి, లేకపోతే సగం తీపి గరిటెకే.

బటర్ పేపర్ పరిచిన పళ్ళెంలోకి దించాక అసలు ప్రమాదం చేతులతో వస్తుంది. చేతికి నెయ్యి రాసుకుని గట్టిగా అదమాలనిపిస్తుంది, మనకి ఉండలు చుట్టిన అలవాటు కదా. అదమొద్దు. పైన సమంగా ఉండేలా అరచేత్తో నెమ్మదిగా తట్టండి చాలు. గట్టిగా అదిమితే గింజల మధ్య గాలి పోయి గట్టి అచ్చు తయారవుతుంది, దాన్ని కోయడానికి కొబ్బరికాయ కొట్టే కత్తి కావాలి. గంట ఆగి, కత్తికి నెయ్యి రాసి ముక్కలు కోసుకోండి.

ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పెడితే జెలటిన్ బిగుసుకుంటుంది, బయటికి తీయగానే వైజాగ్ గాలికి మీద చెమట పట్టి పైన జిగట, లోపల రాయి. ముక్కల మధ్య బటర్ పేపర్ వేసి, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో బయటే ఉంచండి. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు పర్లేదు, ఆ తర్వాత మెత్తబడుతుంది. మా ఇంట్లో మూడో రోజు దాకా మిగలదనుకోండి.

మార్ష్‌మాలోలు కూడా ఇంట్లోనే చేస్తానంటే అదీ చెయ్యొచ్చు, అరిసెల పాకం పట్టడం వచ్చినవాళ్ళకి థర్మామీటర్ కూడా అక్కర్లేదు. 20 గ్రాముల జెలటిన్‌ని అర కప్పు చల్లటి నీళ్ళలో నానబెట్టండి. 300 గ్రాముల పంచదార, 200 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్, అర కప్పు నీళ్ళు, చిటికెడు ఉప్పు కలిపి మరిగించండి. గ్లూకోజ్ ఎందుకంటే అది లేకపోతే చక్కెర మళ్ళీ పలుకులు కట్టేస్తుంది. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేస్తే చెదరకుండా, వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ అవ్వాలి. థర్మామీటర్ ఉన్నవాళ్ళకి అది 115 డిగ్రీలు. ఆ వేడి పాకాన్ని జెలటిన్ మీద సన్నటి ధారగా పోస్తూ బీటర్‌తో కొడుతూ ఉండండి. మొదట్లో పల్చటి నీళ్ళలా ఉంటుంది, ఇదేం అవుతుందిలే అనిపిస్తుంది, పది నిమిషాలు దాటేసరికి తెల్లగా, మెరుస్తూ, గిన్నె అంచులు దాటేంత పొంగి బీటర్ వెనక తాళ్ళలా సాగుతుంది. కార్న్‌ఫ్లోరూ ఐసింగ్ షుగరూ కలిపి చల్లిన పళ్ళెంలో పరిచి రాత్రంతా వదిలెయ్యండి. పాకం పోసేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి, చర్మానికి అంటుకుంటే ఊడిరాదు. బీటర్ కేకులు చేసే ఇంటి నుంచి అరువు తెచ్చుకున్నదైతే దాని రెక్కల మొదట్లో మైదా ఉంటుంది, విప్పి చూడండి.

జెలటినే వద్దనుకునే ఇళ్ళకి నేను చేసే దారి వేరు. 50 గ్రాముల వెన్న, 100 గ్రాముల బెల్లం తురుము, 100 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్, 100 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, అన్నీ కలిపి సన్నసెగ మీద అడుగంటకుండా తిప్పుతూ అదే మెత్తటి ఉండ పాకం దాకా తెచ్చి, వేయించిన మరమరాలు కలిపేయడమే. ఇది మార్ష్‌మాలోలా సాగదు, టాఫీలా నములుతూ ఉంటుంది. కార్తీకమాసంలో మా ఇంట్లో నడిచేది ఇదే, నిజం చెప్పాలంటే రుచిలో ఇదే ఒక మెట్టు పైన.

ఇదంతా చూసి మా అత్తయ్య గారు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇంత హడావుడి ఎందుకే, అనకాపల్లి బెల్లం పాకం పట్టి మరమరాల ఉండలు చుట్టేస్తే పోలా? అందులోనూ గోధుమ లేదు కదా." లేదు. ఆవిడ చుట్టే ఉండలకి సాటి లేదు కూడా. సంక్రాంతికి డబ్బాలు డబ్బాలు చేస్తారు, మా పిల్ల ఇష్టంగా తింటుంది. కానీ పదకొండేళ్ళ పిల్లకి కావాల్సింది ఎప్పుడూ ఆరోగ్యమైన ప్రత్యామ్నాయం కాదు. స్నేహితురాలి ఇంట్లో గులాబీ రంగు మార్ష్‌మాలో తీపి చూసింది, అదే కావాలి. "నీకు ఇది బదులు అది" అనే మాట ఆ పిల్ల రోజూ వింటోంది: పూరీ బదులు దోసె, కేకు బదులు పళ్ళు, పిజ్జా బదులు ఇంటికెళ్ళాక చూద్దాం. ఒక్క చోటైనా బదులు అనే మాట లేకుండా ఉండనివ్వండి అని నేనంటే, ఆవిడ ఊరుకుని, కాసేపయ్యాక, "సరే, ఆ ఎముకల్లేనిది నాకో రెండు ముక్కలు ఉంచు" అన్నారు.

స్కూలుకి పంపేటప్పుడు ఒక జాగ్రత్త: పిల్లది వేరే చిన్న డబ్బాలో పెట్టండి, పంచే డబ్బా వేరే. తీపి ఒకటే అయినా పంచే డబ్బాలో చేతులు పెట్టేవాళ్ళు అంతకుముందు బిస్కెట్లు తిని ఉంటారు. మా పిల్ల ముందు తన డబ్బా ఖాళీ చేసుకుని తర్వాత పంచడానికి వెళ్తుంది, ఆ తెలివి నేను నేర్పింది కాదు.

పెద్దవాళ్ళ కోసం చేసేటప్పుడు వెన్న ఎర్రబడ్డాక ఒక చెంచా అరకు కాఫీ పొడి వేసి చూడండి. మెత్తగా దంచిన పొడి, చికోరీ కలపనిది. చేదు తీపిని కాస్త అణుస్తుంది. మీద వేయించిన జీడిపప్పు పలుకులు చల్లితే ఇంకా మేలు. పలాస జీడిపప్పు విడిగా కొనేటప్పుడు మాత్రం, మరమరాలకి చెప్పిందే దానికీ: ఆ డబ్బాతో అంతకుముందు ఏం ముంచారో చూసుకోండి.